తొమ్మిదో రీలులో చప్పుడు

ఆ ఇంట్లో బాత్రూమ్ తలుపుకి గడియ లేదు. పడగ్గదులకీ లేదు, వెనక బాల్కనీకీ లేదు. గడియలు ఉండాల్సిన చోట నాలుగేసి మేకుల రంధ్రాలు, వాటి మీద రంగు పూత. లోపల ఎవరైనా ఉంటే ఏదో ఒక కూనిరాగం తీస్తూ ఉండాలి. బయటున్నవాళ్ళు తలుపు కొట్టి అడగాలి. ఇంటికొచ్చిన చుట్టాలు మొదటిరోజు సిగ్గుపడేవాళ్ళు, రెండోరోజు గొంతు సవరించుకునేవాళ్ళు, మూడోరోజుకి ఏకంగా కచేరీ పెట్టేవాళ్ళు.

అమ్మాయికి ఇరవయ్యేడేళ్ళుగా ఇదంతా మామూలే. "మీ అమ్మకి మూసిన తలుపులు పడవు" అని చిన్నప్పుడే నాన్న చెప్పాడు. కొందరికి బల్లులు పడవు, కొందరికి బొద్దింకలు. అమ్మకి గడియలు. అంతకంటే ఆలోచించాల్సిన అవసరం ఆమెకి ఎప్పుడూ రాలేదు.

ఆ రోజు పొద్దున నాన్న బాత్రూమ్‌లో మామూలు కంటే గట్టిగా రాగం తీస్తున్నాడు. అమ్మ వచ్చి వేళ్ళతో తలుపు మీద కొట్టింది. టక్ టక్ టక్. కాస్త ఆగి, టక్ టక్. అమ్మ కొట్టే తీరు ఎప్పుడూ అదే. మూడు, తర్వాత రెండు.

"ఇంకెంతసేపండీ? నేను షాపు తెరవాలి."

"రెండే నిమిషాలు. ఇవాళ కాస్త నీటుగా తయారవ్వాలి. ల్యాబ్‌కి వెళ్తున్నా."

"ల్యాబ్‌కేగా, పెళ్ళిచూపులకి కాదుగా."

ల్యాబ్ అంటే అమ్మాయి పనిచేసే చోటు. పాత సినిమాల రీళ్ళు తెచ్చి, గీతలూ దుమ్మూ తుడిచి, శబ్దం కడిగి, మళ్ళీ కొత్తవిలా చేసే చోటు. నాలుగు నెలలుగా ఆమె కడుగుతున్నది అందరూ 'గది సినిమా' అని పిలిచే సినిమా. ముప్పయ్యొక్క ఏళ్ళ కిందటిది. ఆ సినిమాకి సౌండ్ రికార్డింగ్ చేసింది నాన్న. హీరోయిన్‌కి గొంతిచ్చింది అమ్మ. నాన్న పేరు టైటిల్స్‌లో ఉంది, అమ్మ పేరు లేదు. డబ్బింగ్ చెప్పినవాళ్ళ పేర్లు అప్పట్లో ఎవరూ వేసేవాళ్ళు కాదట.

డైరెక్టరు రెండేళ్ళ కిందట పోయాడు. పోయాక, ఆయన దగ్గర పనిచేసిన ముగ్గురు ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు నోరు విప్పారు. తిట్టేవాడని, కొట్టేవాడని, ఏడుపు రాకపోతే వచ్చేదాకా ఏదో ఒకటి చేసేవాడని.

"మళ్ళీ రాశారు ఆయన గురించి" అంది అమ్మ, పేపరు మడిచి పక్కన పెడుతూ.

"అమ్మా, సినిమా వేరు, మనిషి వేరు." అమ్మాయి బ్రెడ్డుకి వెన్న రాస్తోంది. ఈ మాట ల్యాబ్‌లో పదిసార్లు అనీ అనీ నోటికొచ్చేసింది. "వంటవాడు దుర్మార్గుడైనంత మాత్రాన కూర చేదెక్కదు కదా."

"ఎక్కదు. కాకపోతే కూరలో ఏం వేశాడో ఓసారి చూసుకోవాలి."

నాన్నకి కాఫీ పొలమారింది. అమ్మాయి వీపు తట్టింది.

"అసలు నువ్వు ఆ సినిమా చూశావా అమ్మా?"

"డబ్బింగ్ చెప్తూ ముక్కలుముక్కలుగా చూశా. చాల్లే." అమ్మ సంచీ భుజానికి తగిలించుకుని చెప్పులేసుకుంది. ఆ సినిమా తర్వాత ఆమె మళ్ళీ డబ్బింగ్‌కి వెళ్ళలేదు. అప్పట్నుంచీ వీధి చివర మందుల షాపులోనే. షట్టరు పైకెత్తితే ముందు గోడే ఉండదు ఆ షాపుకి. ఎండొస్తే ఎండ, వానొస్తే వాన.

*

ఆదివారం మ్యాట్నీకి సినిమా మళ్ళీ హాల్లో వెయ్యాలి. దానికి ముందు, శబ్దం సరిగ్గా ఉందని నాన్న సంతకం పెట్టాలి. ల్యాబ్ మేడమ్ పెట్టుకున్న పద్ధతి అది. అప్పటి మనిషి బతికుంటే అప్పటి మనిషే వినాలి. నాన్న ఇస్త్రీ చొక్కాలో వచ్చి, కుర్చీ రెండుసార్లు జరుపుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"తొమ్మిదో రీలు పెట్టమంటారా సార్?" అంది అమ్మాయి వెటకారంగా.

"పెట్టండి ఇంజనీరుగారూ."

తొమ్మిదో రీలంటే గది సీను. అందులో ఏమీ జరగదు. హీరోయిన్ ఓ గదిలో ఒంటరిగా నాలుగు నిమిషాలు కూర్చుంటుంది. వెనక మ్యూజిక్ సన్నగా సాగుతూ ఉంటుంది. అంతే. కానీ ఆ నాలుగు నిమిషాలు చూసినవాళ్ళెవరూ మర్చిపోలేదు. అమ్మాయి పదిహేనేళ్ళప్పుడు ఫ్రెండ్స్‌తో చూసింది. హాల్లోంచి నడిచొస్తూ నలుగురూ ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకున్నారు. ఎందుకు పట్టుకున్నావని ఎవరూ ఎవర్నీ అడగలేదు.

సగంలో నాన్న కళ్ళు తెరిచాడు.

"ఏదో పోయింది."

"గరగర తీసేశా నాన్నా. టేపు మోత, కరెంటు మోత..."

"అది కాదు. కింద ఒకటుండాలి. కొడుతున్నట్టు."

"అదా. ఏదో మెషిన్ చప్పుడనుకున్నా. ఒకటే వరసలో వస్తోంది, సాఫ్ట్‌వేరు కూడా మెషినే అంది. తీసేశా. అది వినబడనే వినబడదు కదా."

"వినబడకూడదనే అంత కింద పెట్టాం." నాన్న మొహంలో రంగు మారింది. "తిరిగి పెట్టెయ్."

"ఏంటది?"

"పెట్టెయ్యమన్నానుగా." ఆయన లేచాడు. సంతకం కాగితం టేబులు మీదే ఉంది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి, "మీ అమ్మకి చెప్పకు" అని వెళ్ళిపోయాడు.

ఏం చెప్పకూడదో తెలిస్తే కదా చెప్పడానికి. అమ్మాయి కాసేపు కుర్చీలో గుండ్రంగా తిరిగింది. తర్వాత తొమ్మిదో రీలు తను కడిగినట్టే వేసుకుని చూసింది. ఒకావిడ గదిలో కూర్చుని ఉంది. కాస్త నీరసంగా ఉంది. బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టుంది. మళ్ళీ పాత శబ్దంతో వేసింది. అదే మొహం, అదే గది. రెండో నిమిషానికి ఆమె తనకి తెలీకుండానే లేచి ల్యాబ్ తలుపు తెరిచి పెట్టింది.

బయట మధ్యాహ్నం ఎండ, మెట్ల మీద ఎవరో నవ్వుకుంటూ దిగుతున్నారు. అయినా చేతుల మీద నిక్కిన రోమాలు దిగలేదు.

తీసేసిన శబ్దాన్ని సాఫ్ట్‌వేరు పారెయ్యదు, వేరే ఫైలులో దాస్తుంది. ఆ ఫైలుకి ఆమె తనే 'చెత్త' అని పేరు పెట్టుకుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, చెత్త తెరిచి, వాల్యూము పెంచింది.

ముందు గరగర. తర్వాత, ఎక్కడో దూరంగా, మెత్తటి తలుపు మీద కొడుతున్న చప్పుడు.

మూడు. కాస్త ఆగి, రెండు.

హెడ్‌ఫోన్లు తీసి వెనక్కి చూసింది. అమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడిందేమో అనుకుంది. ఎవరూ లేరు. తెరిచిన తలుపు, ఖాళీ వరండా.

మళ్ళీ పెట్టుకుంది. మూడు, రెండు. మూడు, రెండు. మర్యాదగా కొడుతున్నారు, ఇంకా ఎవరైనా తీస్తారని నమ్మకం ఉన్నట్టు. తర్వాత వరస తప్పింది. అరచేతులతో కొడుతున్నారు. తర్వాత గోళ్ళు. తర్వాత కొట్టడం ఆగిపోయి, ఊపిరి ఒక్కటే. పొట్టిగా, పైపైన, మైకుకి మరీ దగ్గరగా. తన మెడ మీద తగులుతున్నట్టుంది. ఆ ఊపిరి ఆమెకి తెలుసు. చిన్నప్పుడు జ్వరమొస్తే పక్కన పడుకుని విన్న ఊపిరి.

అప్పుడు, స్పీకర్లోంచి వస్తున్నట్టు గరగరలాడుతూ, పోయిన మనిషి గొంతు వినపడింది. తాపీగా, దాదాపు ముద్దుగా.

"తలుపు తియ్యకు. ఇప్పుడే బాగా వస్తోంది."

ఇంకో గొంతు. కుర్రగొంతు. కానీ ఆ రెండు ముక్కలు ఎవరివో పోల్చడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

"సరే సార్."

*

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. నాన్న బాల్కనీలో ఆరిన బట్టలు మడతపెడుతున్నాడు. ఒకే టవలు మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తున్నాడు. అమ్మాయి హాల్లో టేబులు మీద ల్యాప్‌టాప్ పెట్టి ఆ ముక్క వేసింది.

"సరే సార్" దగ్గర నాన్న కుర్చీలో కూలబడ్డాడు.

"నా గొంతు అందులో ఉందని తెలీదే. మ్యూజిక్ కింద పడిపోయింది. కొట్టడం ఒక్కటే ఉందనుకున్నా."

"అంటే నీ బాధ అదా నాన్నా? నీ గొంతు పడిందని?"

"అది కాదే."

"మరేంటో చెప్పు. అక్కడ కొడుతున్నది అమ్మ. అవునా కాదా?"

"అవును."

చెప్పడం మొదలుపెట్టాక ఆయన ఆగలేదు. అప్పుడు ఆయనకి ఇరవైనాలుగేళ్ళు, మొదటి ఉద్యోగం. డబ్బింగ్ గది అగ్గిపెట్టెంత ఉండేది, గడియ బయటివైపు. ఆ సీనుకి ఊపిరి శబ్దాలు కావాలి. అమ్మ పదిసార్లు చేసినా డైరెక్టరుకి నచ్చలేదు. నటిస్తోంది, నాకు నటన వద్దు అన్నాడు. లైట్లు ఆర్పించి, అద్దానికి తెర లాగించి, గడియ వేశాడు. ఐదు నిమిషాలే అన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుని టీ తెప్పించుకున్నాడు.

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు. ఆయన లేచి వెళ్ళాక తీశాను. మీ అమ్మ బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. 'మీరే తీశారా' అంది. అవునన్నాను. అబద్ధం కాదుగా, తీసింది నేనే." ఆయన టవలుతో మొహం తుడుచుకున్నాడు. "నేను అప్పుడే బయట్నుంచి వచ్చాననుకుంది. వచ్చి కాపాడాననుకుంది. ఆ మాటకి అడ్డు చెప్పలేకపోయా. ఆ తర్వాత పెళ్ళి. ఆ తర్వాత నువ్వు. ఇంక ఎప్పుడని చెప్పను?"

"గడియలు పీకించడం మాత్రం గుర్తుపెట్టుకుని చేశావు."

"నేనే పీకాను. నా చేతుల్తో." అదేదో లెక్కలోకి వస్తుందన్నట్టు చెప్పాడాయన.

అమ్మాయికి కోపం వచ్చింది కానీ ఎక్కడ పెట్టాలో తెలీలేదు. ఎదురుగా ఉన్నది ఏడుస్తున్న యాభయ్యయిదేళ్ళ మనిషి, తనకి సైకిలు నేర్పిన మనిషి. "మరి ఇప్పుడు దాన్ని తిరిగి పెట్టమని ఎందుకన్నావు నాన్నా? పోతే పీడా పోయిందనుకోవచ్చుగా?"

"అది తీసేస్తే అందులో ఏముందే? నువ్వూ చూసే ఉంటావుగా. నా జన్మలో నేను చేసిన గొప్ప పని అదొక్కటే."

"అది నీ పని కాదు నాన్నా. అది అమ్మ భయం."

అప్పుడే వీధి తలుపు మీద చప్పుడైంది.

టక్ టక్ టక్. టక్ టక్.

ఇద్దరూ కదల్లేదు. ల్యాప్‌టాప్ ఆపే ఉంది. అమ్మాయి అయినా దాని వైపే చూసింది.

"ఇంట్లో ఇద్దరుండీ తలుపు తియ్యరేం?" అమ్మ తోసుకుని లోపలికొచ్చింది. ఒకరి మొహం చూసింది, రెండోవారి మొహం చూసింది, టేబులు మీద ల్యాప్‌టాప్ చూసింది. సంచీ కింద పెట్టింది. "ఎవరైనా పోయారా?"

"లేదమ్మా. ఊరికే, ల్యాబ్ పని."

"నీకు అబద్ధం చెప్పడం రాదు. అది మీ నాన్న దగ్గర నేర్చుకోవాల్సింది." అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "తొమ్మిదో రీలేనా? వెయ్యి. ముందు నువ్వు బాగుచేసింది."

అమ్మాయి వేసింది. ఒకావిడ గదిలో కూర్చుని ఉంది. అమ్మ చేతులు కట్టుకుని చూసింది. నిమిషం తర్వాత ఆమె పెదవి ఓ పక్కకి వంగింది. రెండో నిమిషంలో నవ్వొచ్చేసింది.

"ఇంతేనా? దీనికేనా ఇన్నేళ్ళ పేరు? ఆ పిల్లకి పాపం ఆకలేస్తున్నట్టుంది."

"అమ్మా, అందులో నేనొకటి తీసేశా. మెషిన్ చప్పుడనుకుని..."

"వెయ్యి."

"వద్దే" అన్నాడు నాన్న.

"మీరు కూర్చోండి. వెయ్యవే, ఎందులో పెట్టావు?"

అమ్మాయి తలొంచుకుంది. "చెత్త అనే ఫైలులో."

"మంచి చోటే పెట్టావు నన్ను" అంది అమ్మ.

ఈసారి అమ్మ నవ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, కిటికీ బయటికి చూస్తూ వింది. మూడు, రెండు. అరచేతులు. గోళ్ళు. ఊపిరి. ల్యాప్‌టాప్‌లో ఊపిరీ, కుర్చీలో కూర్చున్న మనిషి ఊపిరీ ఒక్కసారిగా కలిసిపోయి, ఏది ఎక్కణ్ణుంచి వస్తోందో అమ్మాయికి తెలీలేదు. చనిపోయినవాడు వాళ్ళ హాల్లో, వాళ్ళ సోఫా పక్కన మాట్లాడాడు. తలుపు తియ్యకు. ఇప్పుడే బాగా వస్తోంది.

"సరే సార్."

అమ్మ భర్త వైపు తిరిగింది. మొహంలో ఆశ్చర్యం లేదు. అదెందుకో అమ్మాయికి కాసేపటికి అర్థమైంది. ఆ మాటలు ఈ టేపులో ఎలా పడ్డాయి? లోపలి మైకులో పడ్డాయి. బయట మాట్లాడింది లోపలి స్పీకర్లో వినపడితే తప్ప, లోపలి మైకులో పడవు.

"అమ్మా. మైకు లోపలుంది కదా."

"మైకు లోపలుంటే నేనెక్కడున్నానే?" అంది అమ్మ మెల్లగా. "బయట్నుంచి లోపలికి మాట్లాడే మీట నొక్కి అలాగే వదిలేశారు. ఆయన టీ చప్పరించడం కూడా విన్నాను. ఇంత పెద్ద సౌండ్ ఇంజనీరు, ముప్పయ్యొక్క ఏళ్ళలో ఈయనకి ఈ ఒక్కటీ తట్టలేదు."

 

"తెలిసీ ఎందుకు చేసుకున్నావమ్మా?"

"తలుపు తీసినప్పుడు ఈయన నాకంటే ఎక్కువ వణుకుతున్నాడు. ఆ చెయ్యి చూశాను. ఇవాళ కాకపోతే రేపు చెప్తాడనుకున్నాను."

"మరి నువ్వైనా అడగాల్సింది."

"అడిగితే అబద్ధం చెప్తాడేమోనని." అమ్మ ల్యాప్‌టాప్ మూసేసింది. "నిజం చెప్తే ఉండగలను. అబద్ధం చెప్తే వెళ్ళిపోవాలి. అప్పటికి నువ్వు కడుపులో ఉన్నావు. తర్వాత బళ్ళో ఉన్నావు. తర్వాత పరీక్షలు. అందుకని అడగలేదు. ప్రతి గడియా పీకుతుంటే చూస్తూ, ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అనుకునేదాన్ని. మేకులు ఏరి డబ్బాలో వేసేవాడు. చెప్పేవాడు కాదు."

నాన్న కుర్చీలోంచి జారి నేల మీద కూర్చున్నాడు, ఆమె కాళ్ళ దగ్గర. ముట్టుకోలేదు.

"అడుగు. ఇప్పుడు అడుగు."

"ఆ నలభై నిమిషాలూ మీరెక్కడున్నారు?"

"గడియ పక్కనే. చెయ్యి చాపితే అందేంత దూరంలో." అక్కడితో ఆపలేదు. "నువ్వు కొడుతుంటే శబ్దం లెవెలు చూసుకున్నాను. ఎక్కువైతే తగ్గించాను. బాగా వస్తోందని నాకూ అనిపించింది. అదే, అదే చెప్పలేకపోయాను. గడియ సంగతి కాదు. నాకూ అలా అనిపించింది."

అమ్మ కళ్ళల్లోంచి నీళ్ళు చుబుకం దాకా వచ్చి ఒళ్ళో పడుతున్నాయి. తుడుచుకోలేదు. అమ్మాయి ఆమె వెనక నిలబడి రెండు భుజాలూ పట్టుకుంది. పొద్దున తను వెన్న రాస్తూ అన్న మాట గుర్తొచ్చి నాలుక మీద చేదుగా అనిపించింది.

"ఆదివారం హాల్లో వేసేది ఏది?" అంది అమ్మ చివరికి.

"పాతది ఎలా ఉందో అలాగే తిరిగివ్వాలి అంటుందమ్మా మా మేడమ్. మా పనికి అదొక్కటే రూలు. నువ్వేమంటావు?"

"నేను డబ్బింగ్ చెప్పాను. అది నా పని, డబ్బులు తీసుకున్నాను, అది ఉంచు. ఇది నా పని కాదు. ఇది నేను వాళ్ళకి ఇవ్వలేదు. ఇది ఇంటికి తెచ్చెయ్." చెంగుతో మొహం తుడుచుకుంది. "సినిమా వేరు మనిషి వేరు అన్నావుగా. ముందు నన్ను వేరు చెయ్యి. మిగిలింది ఆయనది. ఆయన గొప్పతనం ఎంతో అందరూ చూడనీ."

నాన్న లేచి, ల్యాబ్ కాగితం ఏదని అడిగాడు. అమ్మాయి బ్యాగులోంచి తీసిచ్చింది. శబ్దం సరిగ్గా ఉందన్న చోట సంతకం పెట్టాడు. కింద ఖాళీలో రాయడం మొదలుపెట్టాడు. ఏం తీసేశారో, అది ఎవరిదో, ఎలా తీసుకున్నారో, అప్పుడు తను ఎక్కడ కూర్చున్నాడో. చోటు చాలక కాగితం తిప్పాడు. అక్షరాలు వంకరగా పోతున్నాయి. రాసింది అమ్మకి ఇచ్చాడు. ఆమె చదివి, "ఇక్కడ 'ఐదు నిమిషాలన్నారు' అని రాశారు. అది కొట్టెయ్యండి" అంది. కొట్టేశాడు.

మర్నాడు ల్యాబ్‌లో మేడమ్ ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఫోనులో చాలాసేపు ఎవరెవరితోనో పోట్లాడింది. తర్వాత, "కడిగిందే వెయ్యి. ఈ కాగితం హాలు బయట పోస్టర్ల అద్దాల దగ్గర అంటిస్తాను" అంది.

*

ఆదివారం అమ్మ కూడా వస్తానంది. సీటు చివరిదే కావాలంది, దారి పక్కన. ఒక పక్క దారి, ఇంకో పక్క కూతురు, ఆమె అవతల నాన్న. ఆ వరస అమ్మే పెట్టింది. నాలుగు రోజులుగా ఇంట్లో అవసరమైన మాటలే నడుస్తున్నాయి, ఉప్పుందా, నీళ్ళొచ్చాయా అని. కూర్చున్నాక మాత్రం అమ్మ తన సంచీ కూతురి మీదుగా నాన్నకి అందించింది.

"పట్టుకోండి."

ఆయన ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు.

సినిమా మొదలైంది. అరగంటకి కుర్చీలు కిర్రుమనడం మొదలైంది. గంటకి అక్కడక్కడ ఫోన్లు వెలిగాయి. ఎవరో ఆవలించారు, ఆ ఆవలింత వరసలు దాటుకుంటూ వెనక్కి వచ్చింది. తొమ్మిదో రీలు వచ్చింది. చీకట్లో నాన్న కళ్ళు మూసుకోవడం అమ్మాయి చూసింది. తను భయపడుతూ అమ్మ వైపు తిరిగింది.

అమ్మ నిద్రపోతోంది. తల కూతురి భుజం మీదకి వాలిపోయి ఉంది, నోరు కాస్త తెరుచుకుని ఉంది. సన్నగా గురక. తెర మీద గది సీను అయిపోయి, ఆమె గొంతే ఎవరినో అడుగుతోంది, ఇంకా ఎంతసేపని. ఆమెకేమీ పట్టలేదు.

ముందు వరసలో ఒకాయన విసుగ్గా వెనక్కి తిరిగాడు. "ఏమండీ, ఆవిణ్ణి కాస్త లేపండి. మాటలు వినబడట్లేదు."

నాన్న సంచీ గుండెకి హత్తుకుని ముందుకి వంగాడు.

"ఆ మాటలు ఆవిడవేనండీ" అన్నాడు. "పడుకోనివ్వండి."